అపరాధ పరిశోధక కథానిక : అనుమానానికి రెండర్థాలు

సాహిత్య విమర్శకుల సభలో అపరాధ పరిశోధక కథకు ముందువరుసలో పీట వేసినవారు అరుదు. పండితులు దానిని కాలక్షేపపు సరుకన్నారు. తల్లిదండ్రులు పాఠ్యపుస్తకం మాటున దానిని దాచుకొని చదివే పిల్లలను మందలించినారు. అయినప్పటికీ 1841లో పుట్టిన ఈ కథారూపం నేటికీ వాడిపోలేదు. గుర్రపుబగ్గీలు పోయినవి, గ్యాసుదీపాలు ఆరిపోయినవి, టెలిగ్రాములు చరిత్రలో కలిసిపోయినవి. కాని బేకర్ వీధిలోని ఆ గది తలుపు తట్టే పాఠకులు మాత్రం తగ్గలేదు. దీనికి కారణమేమి? రక్తపాతం మీద మోజు అందామా? అది పత్రికలలో ప్రతి ఉదయమూ లభిస్తున్నది. కథాంతంలో కలిగే విస్మయమందామా? అట్లయితే రహస్యం తెలిసిన పిమ్మట ఆ కథను రెండవమారు చదివేవారుండరాదు. కాని పదిమార్లు చదివినవారు మనలోనే ఉన్నారు. కావున కారణాన్ని మరికొంత లోతున వెదకవలసి ఉన్నది.

ఈ వెదుకులాటకు మన తెలుగు మాటయే ఒకటి దారి చూపుతున్నది. ఆ మాట 'అనుమానం'. లోకవ్యవహారంలో అనుమానమంటే సందేహం. "వాడి మీద నాకు అనుమానంగా ఉన్నది" అంటాము. న్యాయశాస్త్రంలో అనుమానమంటే వేరు. అది ప్రత్యక్షం వలెనే ఒక ప్రమాణం. తెలిసినదాని నుండి తెలియనిదానిని నిశ్చయించే పద్ధతి. దూరాన కొండమీద పొగ కనిపిస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటయింటి అనుభవం వలన మనకు తెలుసు. కావున కొండమీద నిప్పు ఉన్నదని నిశ్చయిస్తాము. ఇక్కడ పొగ హేతువు. పొగకూ నిప్పుకూ గల విడరాని సంబంధం వ్యాప్తి. మంచుతెరను చూచి పొగ అని భ్రమించి నిప్పున్నదని వాదిస్తే అది హేత్వాభాస. ఉర్దూలో మొదటిదానికి 'షక్' అనీ, రెండవదానికి 'ఇస్తిద్‌లాల్' అనీ వేర్వేరు మాటలున్నవి. తెలుగులో రెంటికీ ఒకే మాట. మొదటి అర్థంలోని అనుమానం నుండి రెండవ అర్థంలోని అనుమానానికి పాఠకుణ్ణి నడిపించే కథయే అపరాధ పరిశోధక కథ అని నిర్వచించవచ్చును. దాని ఆకర్షణ అంతా ఈ ప్రయాణంలోనే ఉన్నదని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

పూర్వరంగం

నేరం ఉన్న ప్రతి కథా పరిశోధక కథ కాదు. 'అల్ఫ్ లైలా'లో మూడు ఆపిల్ పండ్ల కథ ఒకటున్నది. టైగ్రిస్ నదిలో ఒక జాలరి వలకు పెట్టె చిక్కుతుంది. అందులో ఒక యువతి శవం. మూడు దినాలలో హంతకుణ్ణి పట్టితేవలెనని ఖలీఫా హారూన్ అల్ రషీద్ తన వజీరు జాఫర్‌ను ఆజ్ఞాపిస్తాడు. లేనిచో వజీరుకే మరణదండన. జాఫర్ పరిశోధించడు. దైవం మీద భారం వేసి ఇంట కూర్చుంటాడు. గడువు తీరిన దినాన హంతకుడు తానే వచ్చి నేరం ఒప్పుకొంటాడు. ఇందులో హత్య ఉన్నది, గడువున్నది, ఉత్కంఠ ఉన్నది. అనుమాన ప్రమాణం మాత్రం లేదు. మన మర్యాద రామన్న తీర్పుల కథలలో బుద్ధిచాతుర్యం పుష్కలంగా ఉన్నది. నలుగురూ కలిసి వచ్చిననాడే సొమ్ము ఇవ్వవలెనన్న షరతును పట్టుకొని, ఆ నాల్గవవానిని కూడా తీసుకొనిరండు, అప్పుడిస్తుందని పెద్దమ్మ పక్షాన తీర్పు చెప్పిన కథ తెలియని తెలుగువాడు లేడు. కాని అది మాటలోని మెలికను మాటతోనే విప్పిన తీర్పు. జాడలను బట్టి జరిగినదానిని తేల్చిన పరిశోధన కాదు.

పరిశోధనకు దగ్గరగా వచ్చిన ప్రాచీన కథ మరొకటున్నది. అమీర్ ఖుస్రో 14వ శతాబ్ది ఆరంభంలో రచించిన 'హష్త్ బిహిష్త్' అనే పారశీక కావ్యంలో సరందీబు రాకుమారులు ముగ్గురు దారిలో కానరాని ఒంటెను వర్ణించి చెబుతారు. దారికి ఒకవైపు గడ్డి మాత్రమే మేసినది కావున అది ఒంటికన్నుది. నమలిన గడ్డి మధ్యమధ్య జారిపడినది కావున దానికి ఒక పన్ను లేదు. ఒక కాలి జాడ ఈడ్చినట్లున్నది కావున అది కుంటిది. ఇంత వివరంగా చెప్పినందుకు వారికి లభించిన బహుమానం కారాగారం! చూడని ఒంటెను గురించి ఇన్ని ఆనవాళ్లు చెప్పినవారే దొంగలై ఉండవలెనని లోకం సందేహించినది. ఒంటె దొరికిన పిమ్మట గాని వారికి విముక్తి కలుగలేదు. ఈ కథ 1557లో వెనిస్ నగరంలో ఇటాలియన్ భాషలో వెలువడినది. 1748లో ఫ్రెంచి రచయిత వోల్టేర్ తన 'జదీగ్'లో ఒంటెకు బదులు కుక్కనూ గుర్రాన్నీ పెట్టి ఇదే పోకడను నడిపినాడు. ఢిల్లీలో కూర్చున్న కవి కలం నుండి జాలువారిన ఒంటె జాడలు ఈ విధంగా యూరప్ దాకా సాగిపోయినవి.

పో వేసిన బాట

1841 ఏప్రిల్‌లో అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో 'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్' అనే కథను గ్రాహమ్స్ మేగజైన్‌లో ప్రకటించినాడు. ఈ ప్రక్రియకు ఇది ఆద్యమని విమర్శకులు సాధారణంగా అంగీకరిస్తారు. పారిస్ నగరంలో లోపల గడియ వేసిన గదిలో తల్లీకూతుళ్లు దారుణంగా హతులైనారు. తలుపు బయట నిలిచినవారు లోపల రెండు గొంతులు విన్నారు. ఒకటి ఫ్రెంచివాని గొంతు. రెండవది కీచుగొంతు. అది ఏ భాష? ఫ్రెంచివాడు స్పానిష్ అన్నాడు. ఆంగ్లేయుడు జర్మన్ అన్నాడు. స్పెయిన్ దేశస్థుడు ఇంగ్లీషన్నాడు. ఇటలీవాడు రష్యన్ అన్నాడు. చిత్రమేమనగా, తాను పేర్కొన్న భాష తనకు రాదని కూడా ప్రతి సాక్షీ చెప్పినాడు. వినిపించిన కర్కశధ్వనిని ప్రతివాడూ తాను ఎరుగని పరాయిజాతికి అంటగట్టినాడన్నమాట. పరిశోధకుడు దుపాఁ ఈ సాక్ష్యాలనన్నింటినీ ఒకచోట చేర్చి, అది అసలు మనుష్యుని గొంతే కాదని తేల్చినాడు. ఈలోగా పోలీసులు అంతకుముందు ఆ ఇంటికి సొమ్ము మోసుకొని వచ్చిన బ్యాంకు గుమాస్తాను చెరలో వేసినారు. దుపాఁ తర్కం ఆ నిరపరాధిని విడిపించినది.

పుట్టిననాడే ఈ ప్రక్రియ రెండు సత్యాలు చెప్పినది. ఒకటి, మానవుని సందేహం సాధారణంగా పరాయివాని మీదికే పరుగెత్తుతుంది. రెండు, ఆ పరుగును ఆపగలిగినది నిదానమైన తర్కమొక్కటే. తరువాత వచ్చిన ఉత్తమ కథలన్నీ ఈ రెండు సత్యాలకు వ్యాఖ్యానాలే.

కథానిక రూపమే ఏల?

చిన్నకథ ఒక్క కూర్చునికిలో చదువదగినదిగా ఉండవలెననీ, అందులోని ప్రతి మాటా ఒకే ప్రభావానికి తోడ్పడవలెననీ పో 1842లో హాథార్న్ కథలను సమీక్షిస్తూ సిద్ధాంతీకరించినాడు. పరిశోధక కథకు ఈ సిద్ధాంతం చక్కగా అతికినది. నవలలో ఆధారాలు మూడువందల పుటలలో చెదరిపోతవి. పాఠకుడు కొన్నింటిని మరచిపోతాడు. కథానికలో ఆధారాలన్నీ ఏకకాలంలో మనస్సులో నిలుస్తవి. అందువలన పాఠకుడు పరిశోధకునితోపాటు నిజంగా ఆలోచించగలుగుతాడు.

సర్ ఆర్థర్ కోనన్ డాయిల్ జీవితమే దీనికి నిదర్శనం. షెర్లాక్ హోమ్స్ పాత్ర 1887లో 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' అనే నవలలో అవతరించినది. 1890లో రెండవ నవల వచ్చినది. కాని హోమ్స్ పేరు ఇంటింటికీ పాకినది 1891 జూలై నుండి స్ట్రాండ్ మేగజైన్‌లో కథానికలు వెలువడిన పిమ్మటనే. మొత్తం మీద డాయిల్ హోమ్స్‌పై నాలుగు నవలలు, 56 కథానికలు రచించినాడు. 1893లో రచయిత విసిగి తన నాయకుణ్ణి జలపాతంలో పడవేసినా పాఠకలోకం ఒప్పుకొనలేదు. 1903లో తిరిగి బ్రతికించక తప్పలేదు.

'ది రెడ్ హెడెడ్ లీగ్' కథను చూడండి. ఎర్రజుట్టు గల ఒక తాకట్టు వ్యాపారికి వారానికి నాలుగు పౌండ్ల జీతం మీద ఒక ఉద్యోగం దొరుకుతుంది. పని ఏమనగా, విజ్ఞానసర్వస్వాన్ని మొదటి అక్షరం నుండి చూచి వ్రాయడం! పాఠకుడు నవ్వుతాడు. హోమ్స్ కూడా నవ్వుతాడు. కాని వెంటనే ప్రశ్నిస్తాడు. ఇంత జీతం ఎవరు, ఎందుకు ఇస్తారు? ఆ వ్యాపారి ప్రతి దినమూ కొన్ని గంటలు దుకాణంలో లేకుండా ఉండడమే అవతలివారి లాభమైతే? అతని సహాయకుని పంట్లాము మోకాళ్ల వద్ద నలిగి అరిగి ఉండడమెందుకు? దుకాణానికి వెనుకవైపు వీధిలో బ్యాంకు ఉండడమెందుకు? నేలమాళిగ నుండి సొరంగం త్రవ్వుతున్నారన్న నిర్ణయానికి ఇన్ని హేతువులు కలిసివచ్చినవి. చివరకు మనకు కలిగేది కేవల విస్మయం కాదు. 'ఇవన్నీ నా కళ్లముందే ఉన్నవి గదా!' అనే ఎరుక. రెండవమారు చదివినప్పుడు ఈ ఎరుకయే మరింత రుచిస్తుంది.

పాఠకునితో ఒడంబడిక

ఈ ప్రక్రియలో రచయితకూ పాఠకునికీ నడుమ వ్రాయని ఒడంబడిక ఒకటున్నది. పరిశోధకుడు చూచిన ప్రతి ఆధారాన్నీ పాఠకునికి కూడా చూపవలెను. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు ఈ నియమాలను పదిగా క్రోడీకరించినాడు. దయ్యాలూ భూతాలూ పరిష్కారానికి పనికిరావు, పరిశోధకుడే నేరస్థుడు కారాదు, ఆధారాలను దాచరాదు. కథలో చైనీయుడుండరాదనేది కూడా అందులో ఒక విచిత్ర నియమం. అది ఆ జాతిని నిందించడానికి పెట్టినది కాదు. నాటి చౌకబారు నవలలలో దుష్టుడు విధిగా చైనీయుడై ఉండేవాడు. అట్టి సులభ సందేహంతో బ్రతికే కథ నాసిరకపుదని నాక్స్ అభిప్రాయం.

డాయిల్ 1892లో రచించిన 'సిల్వర్ బ్లేజ్' ఈ ఒడంబడికకు ఆదర్శప్రాయం. పందెపు గుర్రం మాయమైనది. దాని శిక్షకుడు చచ్చిపడి ఉన్నాడు. ఆ సాయంత్రం ఆ ప్రాంతాలలో తిరుగాడిన కొత్తవానిని పోలీసులు పట్టుకొన్నారు. కాని హోమ్స్ ఒక లేమిని గమనించినాడు. రాత్రి గుర్రాన్ని ఎవరో బయటికి తోలుకొనిపోయినారు. శాలలోని కుక్క మాత్రం మొరగలేదు. కొత్తవాడైతే అది ఊరుకొనేదా? కావున వచ్చినవాడు దానికి చిరపరిచితుడు. నేరం తలపెట్టినవాడు శిక్షకుడే. గుర్రం తన్నుకు అతడు మరణించినాడు. జరిగినదానిని చూడడం అందరికీ చేతనవును. జరుగవలసి ఉండి జరుగనిదానిని చూడడం శిక్షణ పొందిన బుద్ధికి మాత్రమే సాధ్యం. మన తార్కికులు అభావాన్ని కూడా ఒక పదార్థంగా పరిగణించినారు. ఆ సూక్ష్మం ఈ కథలో మొరగని కుక్క రూపంలో సాక్షాత్కరించినది.

జి.కె. చెస్టర్టన్ 1910లో సృష్టించిన ఫాదర్ బ్రౌన్ మరొక త్రోవ త్రొక్కినాడు. ఇతడు బూదిదలనూ కాలిజాడలనూ కాక మనుష్యుల మనస్సులను చదువుతాడు. 'ది ఇన్‌విజిబుల్ మేన్' అనే కథలో ఒక ఇంటిని నలుగురు కాపలా కాస్తుంటారు. లోపలికి ఎవరూ పోలేదని నలుగురూ ప్రమాణం చేస్తారు. లోపలి మనిషి మాత్రం హతుడైనాడు. పోయినవాడు తపాలా బంట్రోతు! అందరూ వానిని చూచినారు. ఎవరూ మనిషిగా లెక్కించలేదు. మనకు దినదినమూ సేవచేసేవారు మన కళ్లకు ఎంతగా కనిపించకుండా పోతారో ఇంతకంటె పదునుగా చెప్పిన సామాజిక వ్యాసం అరుదు.

ప్రమాణాన్ని సైతం పరీక్షించవలెను

ఈ కథల కాలంలోనే నేరపరిశోధన శాస్త్రంగా రూపొందుతున్నది. అందులో మన దేశానికి గల భాగం గర్వింపదగినది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయం నెలకొన్నది. అక్కడి ఉద్యోగులు ఖాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ముద్రలను వర్గీకరించే పద్ధతిని రూపొందించడంలో ముఖ్యపాత్ర వహించినారు. హక్ గణితసూత్రాన్ని అనుసరించి ముద్రలను 1,024 అరలలో అమర్చే ఏర్పాటు జరిగినది. 1901లో స్కాట్లండ్ యార్డ్ స్వీకరించిన ఆ పద్ధతికి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు స్థిరపడినది. పని చేసినవారి పేర్లు చాలాకాలం మరుగున పడినవి. చెస్టర్టన్ కథలోని అదృశ్యమానవుడు ఇక్కడ కూడా జ్ఞాపకం రాక మానడు.

రెండేండ్లకే, 1903లో, డాయిల్ 'ది నార్‌వుడ్ బిల్డర్' అనే కథలో ఒక హెచ్చరిక చేసినాడు. ఒక యువకుని మీద హత్యానేరం మోపబడినది. గోడమీద అతని బొటనవ్రేలి ముద్ర రక్తంలో కనిపించినది. పోలీసు అధికారికి ఇక తిరుగులేదు. కాని ఆ ముద్ర ముందటి దినాన అక్కడ లేదని హోమ్స్‌కు తెలుసు. యువకుడు అప్పటికే బందీ. మైనంలో పడిన ముద్రను శత్రువు గోడకు అంటించినాడన్నమాట. శాస్త్రీయ సాక్ష్యమని తలవంచరాదు. అది ఎప్పుడు, ఎట్లా అక్కడికి వచ్చినదని అడుగవలెను. యంత్రాలు చెప్పినదంతా నమ్మే నేటికాలానికి ఈ పాఠం మరింత అవసరం.

కథ దాటి వచ్చిన న్యాయం

ఈ తర్కమంతా కాగితాలకే పరిమితమా? కాదనడానికి చరిత్రలో ఒక దృష్టాంతమున్నది. ఇంగ్లండులో గ్రేట్ వర్లీ అనే గ్రామంలో షాపూర్‌జీ ఎదల్జీ అనే భారతీయుడు క్రైస్తవ మతాచార్యుడుగా ఉండేవాడు. ఆయన జన్మతః పార్సీ. భార్య ఆంగ్లేయురాలు. కుమారుడు జార్జి న్యాయవాది. 1903లో ఆ ప్రాంతంలో పశువులను రాత్రివేళ కత్తితో చీల్చే ఘాతుకాలు జరిగినవి. ఆకాశరామన్న ఉత్తరాలు పుట్టినవి. సందేహం ఆ గ్రామంలో రంగూ పేరూ వేరుగా ఉన్న ఏకైక కుటుంబం మీద వాలినది. జార్జికి ఏడేండ్ల కఠినశిక్ష విధించినారు. మూడేండ్ల పిమ్మట, 1906లో, విడుదలైనా మచ్చ తొలగలేదు.

అతడు డాయిల్‌ను ఆశ్రయించినాడు. నేత్రవైద్యం కూడా అభ్యసించిన డాయిల్ మొదటిసారి చూచినప్పుడే, ఆ యువకుడు వార్తాపత్రికను కంటికి ఆనించుకొని చదువుతుండడం గమనించినాడు. అంత హ్రస్వదృష్టి గలవాడు చీకటిరాత్రి పొలాలు దాటి, రైలుపట్టాలు దాటి, పశువును పొడిచి తిరిగి రాగలడా? ఈ ఒక్క హేతువుతో మొదలుపెట్టి సాక్ష్యాలనన్నింటినీ విమర్శించి 1907 జనవరిలో డైలీ టెలిగ్రాఫ్ పత్రికలో వ్యాసాలు ప్రకటించినాడు. అదే సంవత్సరం మే నెలలో జార్జికి క్షమాపణ లభించినది; నష్టపరిహారం మాత్రం దక్కలేదు. క్రిమినల్ అప్పీలు న్యాయస్థానం ఏర్పడడానికి 1907లో వచ్చిన చట్టానికి ఈ ఉదంతం కూడా దోహదం చేసినది. పిమ్మట 1909లో గ్లాస్గోలో హత్యానేరానికి శిక్షపడిన ఆస్కార్ స్లేటర్ అనే జర్మన్ యూదుని పక్షాన కూడా డాయిల్ 1912లో పుస్తకం వ్రాసినాడు. అతడు 1927లో విడుదలైనాడు. 1928లో శిక్ష రద్దయినది. పద్దెనిమిదేండ్లకు పైగా ఒక నిరపరాధి జీవితం చెరసాలలో గడచిపోయినది.

ఈ రెండు ఉదంతాలలోనూ పోలీసుల వద్ద అనుమానమున్నది, మొదటి అర్థంలో. డాయిల్ వద్ద కూడా అనుమానమున్నది, రెండవ అర్థంలో. ఆ రెంటి నడుమ ఉన్న దూరమే ఒక మనిషి జీవితం.

ఆక్షేపణలు

ఈ ప్రక్రియకు లోపాలు లేవనడం విమర్శధర్మం కాదు. డాయిల్ కథలలో ప్రాగ్దేశమంటే విషసర్పాలూ శాపగ్రస్త రత్నాలే. 'ది స్పెకిల్డ్ బాండ్'లో ఈల వింటూ, పాలు త్రాగుతూ, గంటత్రాడు మీద ఎక్కిదిగే భారతదేశపు పామును పాములవాడెవడూ ఎరుగడు. 1890 నాటి నవలలో అండమాను ఆదివాసిని చిత్రించిన తీరు నేడు చదువరికి బాధ కలిగిస్తుంది. తర్కానికి పట్టం కట్టిన రచయిత కూడా తన కాలపు మంచుతెరను పొగ అనుకొన్న సందర్భాలివి. ఒక నేరస్థుడు దొరకగానే లోకం చక్కబడినదన్న భ్రమను ఈ కథలు కల్పిస్తవనీ, దారిద్ర్యం వంటి మూలకారణాలను స్పృశించవనీ మరొక ఆక్షేపణ ఉన్నది. అది కొంతవరకు నిజమే. కాని ఒక నిరపరాధికి జరిగే అన్యాయాన్ని ఆపడం కూడా చిన్నపని కాదు.

మన భాషలలో

భారతీయ భాషలలో ఈ ప్రక్రియకు వంగభాషలో మంచి ఆదరణ లభించినది. శరదిందు బంద్యోపాధ్యాయ 1932 నుండి రచించిన వ్యోమకేశ్ బక్షీ కథలలో నాయకుడు డిటెక్టివ్ అన్న పేరును ఇష్టపడడు. 'సత్యాన్వేషి' అని చెప్పుకొంటాడు. ఆ బిరుదులోనే ప్రక్రియ తత్త్వమంతా ఇమిడి ఉన్నది. ఉర్దూలో ఇబ్నె సఫీ 1952లో అలహాబాదు నుండి 'జాసూసీ దునియా' నవలామాలికను ప్రారంభించి ఉర్దూ చదువరులను లక్షలుగా పెంచినాడు. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ అద్దెపుస్తకాల దుకాణాలకు కళ తెచ్చినాడు. ఐతే ఉర్దూలోనూ తెలుగులోనూ ఈ పంట ముఖ్యంగా నవలారూపంలో పండినది. ఒకే సమస్యను పట్టుకొని పది పన్నెండు పుటలలో హేతుబద్ధంగా విప్పే కథానికకు మన భాషలో ఇంకా చాలా చోటున్నది. కళాశాల విద్యార్థులలో కలం పట్టినవారు ఈ లోటును గమనింతురు గాక.

ఉపసంహారం

అపరాధ పరిశోధక కథానిక నేటికీ చదువబడడానికి కారణం అది పాఠకునికి ఇచ్చే భరోసా. సత్యం దాగి ఉండవచ్చును గాని దానికి జాడలుంటవి. ఓపికతో చూచేవానికి అవి కనిపిస్తవి. తొందరపడి వేలెత్తి చూపినవాని మాటకంటె నిదానించి హేతువును అడిగినవాని మాట చివరకు నిలుస్తుంది. ఈ భరోసా అన్ని వేళలా నిజజీవితంలో నెరవేరదు. జార్జి ఎదల్జీకి సగమే నెరవేరినది. అందుచేతనే దానిని కథలలో మళ్లీమళ్లీ చదువుకొంటాము.

విద్యార్థులకు ఒక మాట. పుకారు ఊరంతా తిరిగి వచ్చేలోగా నిజం ఇంకా చెప్పులు వెదుకుకొంటూ ఉంటుంది. ఎవరి మీదనైనా సందేహం కలిగినప్పుడు దుపాఁ వలె సాక్షులను సరిపోల్చండి. హోమ్స్ వలె మొరగని కుక్కను గురించి ఆలోచించండి. ఫాదర్ బ్రౌన్ వలె లెక్కకు రాని మనిషిని లెక్కించండి. 'అనుమానం' అన్న మాట నోట వచ్చినప్పుడల్లా, ఇది ఏ అర్థంలో అంటున్నానని ఒక్క క్షణం ప్రశ్నించుకోండి. ఆ ఒక్క క్షణంలో ఒక నిరపరాధి గౌరవం నిలబడవచ్చును.